స్టూడియో స్నేహాల్లోంచి క్వీర్ కథ

ప్రియమైన మిత్రమా,

ఆర్ట్ కాలేజీ స్నేహితుల మీద క్వీర్ కథ, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి వాళ్ల కథ, రాయాలనుందన్నావు. తప్పకుండా రాయి. కాకపోతే మనుషుల్ని ఉన్నదున్నట్టు దించకు, వాళ్లు కలిసి చేసే పనిని పట్టుకో.

ఎచింగ్, అంటే లోహపు ప్లేటు మీద ఆసిడ్‌తో గీతలు పడేలా చేసి కాగితం మీద అచ్చుతీసే పని, చేసే చోటు చూడు. ప్లేటుకి సిరా పూసి, పలచటి గుడ్డతో తుడిచేవాళ్ల చేతులు నల్లగా ఉంటాయి. తడిపిన కాగితాన్ని మాత్రం మరక అంటకుండా పట్టుకోవాలి. అందుకే ఒకరు ప్లేటు చూసుకుంటే ఇంకొకరు కాగితం చూసుకుంటారు. సిరా చేతులమ్మాయి కంట్లో వెంట్రుక పడితే తనంతట తను తీసుకోలేదు. రెండో అమ్మాయి తీస్తుందా, చూసీ ఊరుకుంటుందా? నీ కథ అక్కడుంది. మొదటి చిత్తుప్రతిలో ఆ ఒక్క గంటే రాయి, 600 మాటల్లో. 'ప్రేమ', 'కోరిక' అన్న మాటలు రానివ్వకు.

పోర్ట్రెయిట్ క్లాసులో స్నేహితుణ్ణి 20 నిమిషాలు రెప్పవేయకుండా చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. విరామంలో అదే చూపుకి అనుమతి లేదు. ఆ తేడా రాయి.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఆడా మగా అని చెప్పుకోని పాత్రని 'తను' అని నెట్టుకొచ్చినా, 'వచ్చాడు', 'వచ్చింది' దగ్గర దొరికిపోతావు. 'వచ్చారు' అంటే బయటపడదు గానీ, తోటి విద్యార్థికి అంత మర్యాద పెడితే చనువు పోతుంది. ఆ పాత్ర చేతే కథ చెప్పించు, లేదా ఆ పాత్రతో ఎవరో మాట్లాడుతున్నట్టు రాయి. 'వచ్చాను', 'వచ్చావు' ఏ లింగాన్నీ చెప్పవు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ముగింపులో. పాత్ర గే అన్న సంగతిని చివరిదాకా దాచి, మలుపులా బయటపెడతారు. అప్పుడు ఆ మనిషి బతుకంతా ఒక పొడుపుకథ అయిపోతుంది. రెండో పేజీకల్లా చెప్పెయ్, ఆ తర్వాతేం జరిగిందో రాయి. అన్నీ అర్థం చేసుకునే మంచి స్నేహితుడొకడు కూడా ప్రతి కథలోనూ తగులుతాడు. ప్రదర్శనలో మంచి గోడ ఎవరికొచ్చిందన్న అసూయైనా వాడికివ్వు, మనిషవుతాడు.

అసలు స్నేహితుల్ని ఎవరూ గుర్తుపట్టకూడదంటే పేరు, జుట్టు మార్చేస్తే చాలదు. ఆర్ట్ విద్యార్థులు ఒకర్నొకరు గుర్తుపట్టేది పనిని బట్టి, కాబట్టి ముందు మాధ్యమం మార్చు. బొగ్గుతో గీసేవాణ్ణి మట్టి పనిలో పెట్టు. ఇద్దరు ముగ్గుర్ని ఒకే పాత్రలో కలుపు. ఇంట్లో ఇంకా చెప్పుకోని స్నేహితుడికి నీ కథలో ఒక్క ఆనవాలు చాలు, ప్రాణం మీదికి రావడానికి. అచ్చుకి ఇచ్చేముందు ఆ పేజీలు తనకి చదవడానికివ్వు. వద్దంటే వాదించకు, తీసెయ్.

ఉంటాను.