వరద నీళ్లొచ్చిన కింది ఇంటివాళ్లు "ఏం వద్దులే" అంటున్నారు, ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొన్నటి వానకు మీ వీధిలో కింది ఇళ్లలోకి నీళ్లొచ్చి పోయాయి. మీరు మిద్దె మీద ఉంటారు కాబట్టి మీకేం కాలేదు. కింద ఉన్నవాళ్లను "ఏమైనా సాయం కావాలా?" అని అడిగితే అందరూ "ఏం వద్దులేమ్మా" అంటున్నారు. మళ్లీ అడిగితే బాగుంటుందా, ఊరుకోవాలా అని మీ సందేహం.

2021 నవంబరులో తిరుపతిలో నేను కింది ఇంటి మనిషిని. "ఏం వద్దులే" అని నేనూ నలుగురితో అన్నాను. అది నిజం కాదు. కాబట్టి నా జవాబు ఒక్కటే: అడక్కండి. ఒక పని మీ అంతట మీరే ఎంచుకుని, ఆ పని పేరు చెప్పి వెళ్లండి.

మాది ఎమ్మార్ పల్లె వైపు, అద్దె పోర్షన్. అప్పుడొచ్చింది నిజానికి తుఫాను కూడా కాదు, వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను అంటారు, పేరు పెడతారు. దానికి పేరు కూడా లేదు. 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. కానీ ముందు రోజు నుంచే శేషాచలం కొండల మీద పడ్డ వాన అంతా ఊరి మీదికి దిగింది. అలిపిరి మెట్ల మీద నీళ్లు ఏరులా పారాయి, కపిలతీర్థం దగ్గర జలపాతం హోరు చూసి జనం భయపడ్డారు, ఘాట్ రోడ్లు మూసేశారు. కొండ మీది నీళ్లు స్వర్ణముఖి నదిలో కలవాలంటే మధ్యలో ఉన్నది మేమే. నీళ్లు పోవాల్సిన కాలువల దారిలో ఇళ్లు లేచి ఎన్నేళ్లయిందో.

రాత్రి ఎనిమిదికల్లా హాల్లో మోకాటి లోతు. మా ఆయన మెయిన్ ఆపేసి, గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి, పిల్లలిద్దర్నీ చెరో చంకనా ఎత్తుకుని మిద్దెక్కాడు. పైనున్న అక్కతో మాకు రెండు నెలలుగా మాటల్లేవు. సంపు మోటారు ఎవరు ఎంతసేపు వేసుకోవాలనే దగ్గర మాటా మాటా పెరిగింది. ఆమె తలుపు తీసి, ఏమీ అనకుండా పిల్లలకు తువ్వాలు ఇచ్చింది. కరెంటు లేదు. కార్తీక పౌర్ణమి కదా, ఆమె 365 వత్తుల కట్ట నేతిలో నానబెట్టి సిద్ధంగా పెట్టుకుని ఉంది. ఆ కట్ట దారం విప్పి, మెట్ల మీదికొచ్చి చేరిన ఇళ్లవాళ్లందరికీ పదేసి వత్తులు, ఒక్కో ప్రమిద ఇచ్చింది. ఆ రాత్రంతా మా మెట్ల మీద ఆ దీపాలే వెలుగు.

అసలు కష్టం నీళ్లున్నప్పుడు కాదు, నీళ్లు తీసేశాక. నీళ్లున్నంతసేపూ పడవలొస్తాయి, పొట్లాలొస్తాయి, ఫోన్లొస్తాయి. నీళ్లు పోగానే అందరూ "హమ్మయ్య" అనుకుంటారు. అప్పుడు ఇంట్లోకి అడుగుపెడితే చీలమండ దాకా బురద. పొలంలో బురద లాంటిది కాదది, డ్రైనేజీ కలిసిన నల్లటి జిగురు. గోడకు నడుము కింద ఒక గీత. పాతిక కిలోల బియ్యం బస్తా ఉబ్బి కుట్లు తెగింది, రెండు చేతులా ఎత్తబోతే అడుగు ఊడి, పులిసిన బియ్యం నా కాళ్ల మీద పడ్డాయి. నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ టైములోనే పక్కింటి ఆయన గుమ్మంలో నిలబడి "ఏమైనా కావాలామ్మా?" అన్నాడు. "ఏం వద్దులేన్నా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు చెప్పగలను. ఏం కావాలో నాకే తెలియదు. చీపురుతో మొదలుపెట్టాలా, పిల్లలకు బువ్వ వండాలా, ఓనరుకు ఫోన్ చేయాలా, ఏదీ తోచలేదు. ఇంకోటి, సిగ్గు. ఇల్లంతా తిరగబడి, లోబట్టలతో సహా అన్నీ బురదలో తేలుతుంటే ఇంకో మనిషిని లోపలికి ఎలా పిలుస్తాం? మీ కింది ఇంటివాళ్లదీ బహుశా ఇదే పరిస్థితి. మీ ప్రశ్నలో లోపం లేదు. దానికి జవాబు వెతుక్కునే ఓపిక వాళ్లకు లేదు, అంతే.

పై ఇంటి అక్క ఏమీ అడగలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఖాళీ టబ్బు పట్టుకుని దిగింది. "ఏమ్మే, బట్టలన్నీ దీంట్లో వెయ్యి. బిడ్డలు నాకాడే ఉంటారు. ఈ నాలుగు రోజులు పొయ్యి ముట్టించే పని నీకొద్దు" అంది. నేను కదల్లేదు. తనే లోబట్టలతో సహా మొత్తం టబ్బులోకి ఎత్తుకుంది. డెటాల్ నీళ్లలో నానబెట్టి, మిద్దె మీద ఉతికి ఆరేసింది. మూడో రోజు మడతపెట్టి తెచ్చిచ్చింది. మా చిన్నాడి యూనిఫాం చొక్కాకు ఊడిన గుండీ కూడా కుట్టి ఉంది. నేను అప్పుడు ఏడ్చాను, అంతకు ముందు కాదు.

మీరు పైన ఉంటారు కాబట్టి మీరు మాత్రమే చేయగలిగినవి కొన్నున్నాయి. మొదటిది మీ ఫ్రిజ్. కింద ఎవరైనా షుగరు ఉన్న పెద్దవాళ్లు ఇన్సులిన్ వేసుకుంటారేమో కనుక్కోండి, చల్లగా పెట్టే చోటు లేక వాళ్లు లోలోపల టెన్షన్ పడుతుంటారు. మునిగిన ఫ్రిజ్‌లోని మందును మాత్రం డాక్టర్‌ను అడగకుండా మళ్లీ వాడనివ్వకండి. తడిసిన కాగితాలకూ ఫ్రీజర్ పనికొస్తుంది. మార్కుల లిస్టులు, పాస్‌బుక్కులు కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పట్టదు, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటీ విడదీసి నీడలో ఆరబెట్టుకోవచ్చు. మాకు ఈ సంగతి తెలియక తడి కాగితాలు ఎండలో పెట్టాం. నా పదో తరగతి మెమో వంకర్లు తిరిగి, సంతకం దగ్గర మరక మిగిలింది.

రెండోది మీ ఫోన్. ఏదైనా పారేసే ముందు ఫోటోలు తీసి పెట్టండి. పరుపు, బీరువా, గోడ మీది నీటి గీత, అన్నీ. వాసన భరించలేక నేను పరుపులు మొదటి రోజే వీధిలో పారేశాను, మున్సిపాలిటీ ట్రాక్టర్ ఎత్తుకుపోయింది. నష్టం రాసుకోవడానికి మనిషి వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ మిగల్లేదు. బురద చేతులతో ఫోన్ తీయాలని కింది వాళ్లకు తోచదు, ఆ పని మీరు చేయండి.

సంపు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మంచి మనసుతోనే ఇక్కడ ప్రమాదం తెచ్చుకుంటారు. అదే వరదలప్పుడు ఎమ్మార్ పల్లె శ్రీకృష్ణ నగర్‌లో ఒకావిడ సంపు శుభ్రం చేస్తుంటే, సిమెంటు రింగుల సంపు భూమిలోంచి పైకి లేచింది. ఆవిడ ప్రాణాలతో బయటపడింది. జనం వింత అన్నారు, రకరకాల మాటలు పుట్టాయి. వింతేమీ లేదు. నేలంతా నీళ్లతో నిండి ఉన్నప్పుడు సంపు ఖాళీ చేస్తే అది ఖాళీ బిందెలా తేలుతుంది, చుట్టూ ఉన్న నీళ్లు కిందనుంచి పైకి తోస్తాయి. కాబట్టి వరద నీళ్లు పోయాయి కదా అని వెంటనే మోటారు పెట్టి సంపు పూర్తిగా తోడేయకండి. చుట్టుపక్కల బావుల్లో, గుంతల్లో నీళ్లు తగ్గేదాకా ఆగండి. అప్పటిదాకా ఆ నీళ్లు తాగడానికి వాడొద్దు. మా వీధిలో బబుల్ క్యాన్లు తెచ్చే బాధ్యత బండి ఉన్న ఒక అబ్బాయి తీసుకున్నాడు. క్యాన్లు దొరకని రోజు నీళ్లు మరగకాచుకున్నాం. ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే క్లోరిన్ బిళ్లల్లో చిన్నది, అర గ్రాముది, 20 లీటర్లకు ఒకటి వేసి అరగంట ఆగాలి. బిళ్ల సైజు అట్ట మీద చూసి వేయండి.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. తడిసిన మిక్సీ, ఫ్రిజ్, మోటారు ఎలక్ట్రీషియన్ చూడకుండా వేయకూడదు. మీకు తెలిసిన మంచి ఎలక్ట్రీషియన్ ఉంటే వీధి మొత్తానికి ఒకేసారి పిలిపించండి. బురద తీసేవాళ్లు బూట్లు లేకుండా దిగొద్దు. కాలికి పుండు ఉంటే, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే ఎలుక జ్వరం అంటుకునే అవకాశం ఉంది. కొండ పక్క ఊరు కాబట్టి పాముల మాట చెప్పక్కర్లేదు, మా బీరువా కింద ఒకటి చుట్టుకుని ఉంది. ముందు కర్రతో తట్టి, తర్వాతే చేయి పెట్టండి.

ఇంకో సంగతి. మునిగిన ఇంటివాళ్లను సాయం తీసుకునేవాళ్లుగా మాత్రమే చూడకండి. 21వ తేదీ ఆదివారం, రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయని రామచంద్రాపురం వైపు ఊళ్లు ఖాళీ చేయించారు. మా ఎదురింటి చెల్లి వాళ్ల అమ్మానాన్నలు కట్టుబట్టలతో వచ్చారు. చెల్లి ఇల్లు ఇంకా తడి ఆరలేదు. ఆ రాత్రి వాళ్లకు చాప వేసింది నేను, పై అక్క ఇంట్లో అడిగి తెచ్చిన చాపే. చిత్రాన్నం, ఊరిబిండి నేనే కలిపాను. మూడు రోజుల తర్వాత నా చేత్తో ఒకరికి పెట్టగలిగాను. అప్పటికి గానీ నా ఒంట్లోకి ప్రాణం రాలేదు. కట్ట తెగలేదు, వాళ్లు క్షేమంగా ఊరికి వెళ్లారు. అందుకే మీ కింది ఇంటివాళ్లు కాఫీ ఇస్తే వద్దనకుండా తాగండి.

పిల్లల్ని గమనించండి. ఆ తర్వాతి ఏడాది డిసెంబరులో మాండూస్ తుఫాను వానలు పడ్డప్పుడు, మా చిన్నాడు ఎవరూ చెప్పకుండానే స్కూలు బ్యాగు తీసుకెళ్లి బీరువా మీద పెట్టాడు. చెప్పులు కూడా. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. మీ వీధి పిల్లల్ని సాయంత్రం ఒక గంట మీ మిద్దె మీద ఆడుకోనివ్వండి, వాళ్ల అమ్మలకు ఆ గంట చాలా పెద్దది.

ఇప్పుడు రాత్రి కాకముందే లేవండి. ఖాళీ టబ్బు ఒకటి పట్టుకుని కిందికి దిగి, "బట్టలు ఇందులో వేయండి" అనండి. వద్దంటే, టబ్బు అక్కడే పెట్టేసి రండి. పొద్దున మళ్లీ వెళ్లండి.