బుట్ట చేతుల జాకిట్: చెయ్యి కంటే ముందు సంక చూడు

చెల్లె, నువ్వు రాసిందంతా చదివిన. ఇంట్ల అమ్మ పాత తొక్కుడు మిషన్ ఉంది. సావిత్రి, జమున కాలం నాటి బుట్ట చేతుల జాకిట్ సద్దుల బతుకమ్మ నాటికి నీ చేతుల మీద కుట్టుకోవాలని నీ ఆశ. వీడియోలు చూసి ఒకటి కుట్టినవు కూడా, కానీ బుట్టలు నిలబడకుండా భుజం మీదికెళ్లి కిందికి జారుతున్నయి. చెయ్యి కటింగే తప్పా, బట్టే తప్పా అని అడుగుతున్నవు.

నేను హన్మకొండల ఉంట. పన్నెండేండ్ల సంది నా జాకిట్లు, మా అక్క పిల్లల లంగాలు ఇంట్లనే కుడుతున్న. నా మొదటి మూడు బుట్ట చేతులు అచ్చం నీ లెక్కనే జారినయి. నేను కూడా చేతులే విప్పి విప్పి మళ్ల కట్ చేసిన. తప్పు చేతులల్ల లేదు. భుజంల, సంకల ఉంది.

అది నాకు ఏ వీడియో చూస్తేనో తెల్వలే. అమ్మ ట్రంకు పెట్టెల అడుగున ఆమె పెండ్లి నాటి చిలకపచ్చ టూ బై టూ రూబియా జాకిట్ ఒకటి దొరికింది. దాన్ని నా జాకిట్ పక్కన మంచం మీద పరిచి టేపు పెట్టి చూసిన. నా దాంట్ల మెడ నుంచి చెయ్యి అతుకు దాకా భుజం మూడుంపావు అంగుళాలు ఉంటే, అమ్మ దాంట్ల రెండుంపావే. నా సంక లోతు 7 అంగుళాలు, ఆమెది 6 కూడా లేదు. ఇద్దరి ఛాతీకి తేడా రెండంగుళాలే. ఇంకోటి, వెనక మెడ. అమ్మ దాంట్ల వెనక మెడ మూడంగుళాల లోతే, వీపంతా మూసి ఉంది. మనమేమో వెనక తొమ్మిది, పది అంగుళాలు కోస్తం, దానికే బుట్ట చేతులు పెడ్తం. చేతుల బరువును పట్టి ఉంచే బట్ట వెనక లేనప్పుడు భుజం జారక ఏం చేస్తది?

అందుకని ముందుగాల ఈ మూడు సరి చెయ్యి. బుట్ట భుజం ఎముక మీద కూసోవాలె, దాన్ని దాటి బయటికి పోవద్దు. నీ ఆది జాకిట్ కంటే భుజం ముప్పావు అంగుళం లోపలికి తియ్యి. సంక పైకి లేపు, అర అంగుళం లేపినా తేడా తెలుస్తది. సంక బిగుతైతే చెయ్యి లేవదని చానమంది భయపడ్తరు, కానీ జరిగేది దానికి ఉల్టా. సంక కిందికి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకిట్ మొత్తం నడుం కాడికెళ్లి పైకి గుంజుకొస్తది. పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తది, జాకిట్ కదలదు. వెనక మెడ నాలుగంగుళాలు దాటనియ్యకు. లోతు కావాల్సిందే అంటే పైన దోరీ కట్టాలె, కానీ అప్పుడది పాత జాకిట్ లెక్క కనపడదు. నా మాట వింటే మూసే కుట్టు.

ఇప్పుడు చెయ్యి సంగతి. మామూలు చెయ్యి కొలతను పాత పేపర్ మీద గీసి కట్ చేసుకో. పై గుండ్రం నుంచి కింది అంచు దాకా నిలువుగా ఐదు గీతలు కొట్టి, కింద కొస ఊడకుండా కత్తిరించు. దాన్ని ఇంకో పేపర్ మీద పరిచి, పైన ఒక్కో చీలికకు ముప్పావు అంగుళం సందు వచ్చేటట్టు విసనకర్ర లెక్క విప్పు. పై గుండ్రాన్ని నడిమిట్ల అంగుళంన్నర ఎత్తు లేపి కొత్త గీత గియ్యి. చాన వీడియోలల్ల వెడల్పు పెంచుడే చూపిస్తరు, ఎత్తు లేపరు. ఎత్తు లేకపోతే కుచ్చులు వస్తయి గని బుట్ట రాదు, చెయ్యి పైన అతుక్కుపోయి పక్కకు ఉబ్బుతది. కింద కూడా కుచ్చు కావాలంటే చీలికలు కింద కూడా పూర్తిగా విడదీసి జరుపు.

కుచ్చులు పెట్టేటప్పుడు మిషన్ కుట్టు అన్నిటికంటే పొడుగుకు తిప్పి, పైన రెండు వరుసలు కొట్టు. ఒకటి అతుకు గీతకు కొంచెం పైన, ఇంకోటి కొంచెం కింద. కొసలకు ముడి వెయ్యకు, వెనక్కి కుట్టకు. రెండు వరుసల కింది దారాలు కలిపి పట్టి మెల్లగ గుంజు. ఒక్క వరుసే అయితే కుచ్చులు ఉండలు కడ్తయి. గుంజినంక ఆ కుచ్చునంతా భుజం అతుకుకు ముందు మూడంగుళాలు, వెనక మూడంగుళాల లోపట్నే సర్దు. సంక కింద ఒక్క మడత కూడా ఉండద్దు, అక్కడ కుచ్చు పడితే చెయ్యి కింద గుచ్చుకుంటది, చెమటకు బట్ట తొందరగ చినుగుతది. అమ్మ జాకిట్‌ను ఉల్టా చేసి చూస్తే కుచ్చులన్నీ భుజం మీద దువ్వెన పండ్ల లెక్క ఒక్క తీరుగ, దగ్గర దగ్గరగ ఉన్నయి. ఎవరో మేరాయన చేతి పని. అమ్మకు ఆయన పేరు కూడా యాదికి లేదు. ఆ కుట్లు చూసుకుంట చానసేపు కూసున్న.

బట్ట గురించి అడిగినవు కదా. జార్జెట్, క్రేప్ తీసుకుంటే బుట్ట కూలిపోతది. కొంచెం గరుకు, కొంచెం నిలుపు ఉన్న నూలు బట్ట కావాలె. పాప్లిన్ అయినా, ఖాదీ అయినా, పోచంపల్లి ఇక్కత్ నూలు అయినా మంచిగుంటది. ఇక్కత్ తీసుకుంటే రెండు చేతుల మీద పువ్వు ఒక్క ఎత్తుల వచ్చేటట్టు చూసి పరుచుకో. సిద్దిపేట గొల్లభామ చీర అంచు చిన్న ముక్క దొరికితే చెయ్యి కింద పట్టీకి వెయ్యి, ఆ తలమీద కుండ పెట్టుకున్న బొమ్మ మోచేతి మీదికి ఎంత సక్కగ వస్తదో. చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క బుట్ట చేతులకు సరిపోదు, మీటరుంపావు కొను. కోసే ముందు రాత్రంతా నీళ్లల్ల నానబెట్టి, నీడకు ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. నాకు ఒకసారి మీటరుకు అంగుళం పైనే గుంజుకున్నది.

మా నానమ్మకు జాకిట్ బట్ట కొనే పనే ఉండకపోయేది. వాళ్లన్న వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసేటోడు, పండుగకు అక్కడి బట్టే తెచ్చేటోడట. 1934ల నిజాం కాలంల పెట్టిన ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఆ బట్ట ముక్క ఒక్కటి దాచి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తది.

పాత పట్టు చీర కోసి కుట్టాలని కూడా రాసినవు. దాని జోలికి తొందరగ పోకు. అమ్మ పట్టు చీరల ఒకటి కొంగు దిక్కు మంచిగున్నదని నేను కోసిన. రెండోసారి తొడిగేసరికి భుజం మీద గీత గీసినట్టు చిట్లింది. ఏండ్ల తరబడి ఒక్క మడతల ఉన్న పట్టు ఆ మడత కాడ్నే బలం పోగొట్టుకుంటది. కోసే ముందు వెలుతురుకు పట్టి చూడు, మడత గీత కాడ సన్న సందులు కనపడితే ఆ జాగ వదిలెయ్యి. మిగిలిన పట్టుకు కూడా లోపట మెత్తటి మల్ గుడ్డ లైనింగ్ వేసి, రెండూ కలిపి కుట్టు. అమ్మ బాధపడలే గని, నాకు ఆ చీర ఇంకా కళ్లల్లనే ఉంది.

మిషన్‌కు పెద్ద ఖర్చేం లేదు. కొత్త సూది వెయ్యి: సన్న నూలుకు 11 నంబర్, ఖాదీకి 14. మిషన్ నూనె మాత్రమే పొయ్యి, కొబ్బరి నూనె వద్దు, అది ఎండి జిగటై లోపల పట్టేస్తది. నూనె పోసినంక పాత గుడ్డ మీద కాసేపు నడిపించు, లేకుంటే మరకలు పడ్తయి. తోలు బెల్టు వదులైతే అర అంగుళం కోసి మళ్ల తగిలించు. ఆ మిషన్ సాదా కుట్టు ఒక్కటే కుడ్తది కాబట్టి అంచులకు ఓవర్‌లాక్ మీ గల్లీ టైలర్ దగ్గర చేయించుకో.

ఒక్క మాట మాత్రం తప్పకుండ విను. మంచి బట్ట మీద కత్తెర పెట్టకముందు పాత దుప్పటి మీద కుట్టి చూడు. పాత చీర పనికిరాదు, అది మెత్తగైపోయి ఉంటది, బుట్ట నిలబడేది లేనిది తెల్వది. దుప్పటి జాకిట్‌కు ముందు ఒక్క చెయ్యే పెట్టు. హుక్కులు వద్దు, పిన్నీసులు చాలు. తొడుక్కొని అద్దం ముందు నిలబడి, బతుకమ్మ ఆడినట్టే వంగి, లేచి, చప్పట్లు కొట్టి చూడు. మనం పద్మాక్షి గుట్ట కాడ గంటల తరబడి ఆడేది అట్లనే కదా. నడుం కాడ జాకిట్ పైకి లేస్తే సంక ఇంకో పావు అంగుళం పైకి తియ్యాలె. బుట్ట వెనక్కి జారితే భుజం ఇంకా లోపలికి రావాలె. రెండూ జరగకపోతే అప్పుడు రెండో చెయ్యి కోసుకో, ఎడమ కుడి చూసుకొని.