కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) అదనంగా వేయిస్తే పికప్ మోసే బరువు పెరుగుతుందా?

పెరగదు; లోడు వేసినప్పుడు వెనక భాగం కిందికి కూర్చోవడం తగ్గుతుంది, అంతే. కమాన్ పట్టీ బాడీని ఎత్తి పట్టుకుంటుంది గానీ, ఆ బరువంతా చివరికి పడేది యాక్సిల్, బేరింగులు, టైర్ల మీదే. బ్రేకులూ పాతవే కదా.

నల్లగొండ నుంచి బత్తాయి తీసుకెళ్లే బండి ఆర్‌సీలో లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,700 అని ఉందనుకోండి. ఎన్ని పట్టీలు కలిపినా లోడు, మనుషులు కలిసి 1,200 దాటకూడదు. పైగా ఆ పట్టీల బరువు కూడా ఇందులోంచే పోతుంది!

బండి వంగకుండా నిలబడింది కాబట్టి ఓవర్‌లోడ్ కాలేదనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. పట్టీలు మరీ గట్టిగా ఉంటే, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, వానలో వెనక టైర్లకు పట్టు తప్పుతుంది.