సెర్ట్-ఇన్‌కి పంపిన రిపోర్టు ఏమవుతుంది? మనకు తిరిగి ఏం వస్తుంది?

మీరడిగింది రెండు ముక్కల్లో ఇదీ: సర్వర్ మీద దాడి జరిగితే 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి, అంటే సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, చెప్పాలంటున్నారు, చెప్పాక ఆ సమాచారం ఎటు పోతుంది, మాలాంటి చిన్న కంపెనీలకు దానివల్ల ఒరిగేదేమైనా ఉందా అని. సూటిగా చెప్పాలంటే పైకి పోయేది గబగబా, వివరాలన్నిటితో పోతుంది. కిందికి వచ్చేది నిదానంగా, వడకట్టుకుని వస్తుంది. అయినా వచ్చేదాంట్లో నిజంగా పనికొచ్చే సరుకు ఒకటుంది, చాలా ఆఫీసుల్లో దాన్ని ఇన్‌బాక్స్‌లోనే పాతిపెడుతున్నారు. నేను హైదరాబాద్‌లో బ్యాంకులకు సెక్యూరిటీ మానిటరింగ్ చేసే టీంలో ఉంటాను. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు ఏమనుకుంటారో నాకు అనవసరం, ఆ మెయిళ్ళు అందుకునే వైపు నుంచి ఏం కనిపిస్తుందో అదే రాస్తున్నాను.

ముందు ఎవరెవరో తేల్చుకుందాం, ఎందుకంటే ఇక్కడే సగం మంది తికమక పడతారు. సెర్ట్-ఇన్ 2004 జనవరి నుంచి పనిచేస్తోంది, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద ఉంటుంది, దాని అధికారాలు ఐటీ చట్టంలో సెక్షన్ 70బీ నుంచి వస్తాయి. అది పోలీసు కాదు. ఖాతాలో డబ్బు పోయిందని 1930కి ఫోన్ చేస్తామే, అది హోం శాఖ కింద సైబర్ నేరాలు చూసే ఐ4సీ వాళ్ళ ఏర్పాటు, దారి వేరు. ఇక కరెంటు, బ్యాంకింగ్, టెలికాం, రవాణా లాంటి కీలక వ్యవస్థల కోసం ఎన్‌సీఐఐపీసీ అని ఇంకోటి ఉంది, 2014 జనవరిలో పెట్టారు, అది ఎన్‌టీఆర్‌ఓ కింద, అంటే నిఘా వ్యవస్థ వైపు ఉంటుంది. ఇవి కాక రంగానికో సెర్ట్, అంటే సైబర్ దాడులప్పుడు స్పందించే టీం: ఆర్థిక రంగానికి ఒకటి, విద్యుత్ రంగంలోనైతే థర్మల్‌కి, హైడ్రోకి, ట్రాన్స్‌మిషన్‌కి, ఇలా విడివిడిగా. ఇన్ని గడపలు ఎందుకని నన్నడగొద్దు, నాకూ అదే అనుమానం. మీది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అన్నారు కాబట్టి మీకు సంబంధించింది సెర్ట్-ఇన్ ఒక్కటే.

సెర్ట్-ఇన్ నుంచి అందరికీ కనిపించేది వెబ్‌సైట్లో పెట్టే నోట్లు. ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం గురించైతే నంబరు సీఐవీఎన్ అని మొదలవుతుంది, తర్వాత సంవత్సరం, వరస సంఖ్య. అడ్వైజరీ అయితే సీఐఏడీ. ఏ వెర్షన్లకు ప్రమాదం, తీవ్రత ఎంత, ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, ఎక్కడుంది, ఆ లోపానికి ప్రపంచమంతా వాడే సీవీఈ నంబరు ఏమిటి, అంతే. న్యూస్ సైట్లలో "క్రోమ్ వాడుతున్నారా, కేంద్రం హెచ్చరిక" అని వచ్చే వార్తలన్నీ ఈ నోట్లలోంచి పుట్టినవే. నిజం చెప్పాలంటే వీటిలో ఎక్కువ భాగం గూగులో మైక్రోసాఫ్టో అప్పటికే ప్రకటించిన దానికి ఒక సర్కారీ నంబరు తగిలించడం. ఎందుకూ పనికిరావని అనను, ఆడిట్‌లో "ఈ నోట్ మీద మీరేం చర్య తీసుకున్నారు" అని అడుగుతారు, ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ప్యాచ్ వేసే మేనేజర్లు నాకు తెలుసు. కాకపోతే అన్నీ "హై", "క్రిటికల్" అని వస్తుంటే ఈ రాత్రికి ఏది ముందు వెయ్యాలో తేల్చుకోవడం కష్టం. దానికి నేను అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సీసా (CISA) పెట్టిన జాబితా చూస్తాను. 2021 నవంబర్‌లో మొదలుపెట్టారు, దొంగలు నిజంగా వాడుతున్నారని రుజువున్న లోపాలే అందులోకి ఎక్కుతాయి, అక్కడి ఫెడరల్ పౌర శాఖలు ఫలానా తేదీలోగా సరిచేసి తీరాలని గడువు కూడా పక్కనే ఉంటుంది. ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. మన దగ్గర అలాంటిది ఒకటుంటే చాలా పని తగ్గేది.

ఆ తర్వాతి మెట్టు మెయిల్లో వచ్చే అలర్ట్‌లు. వీటి మీద రంగు గుర్తు ఉంటుంది, దీన్ని టీఎల్‌పీ అంటారు, ప్రపంచమంతా ఇదే పద్ధతి. రెడ్ అంటే అది అందుకున్న మనుషులకే, ఇంకెవరికీ చెప్పకూడదు. ఆంబర్ అంటే మీ సంస్థలో, మీ క్లయింట్లలో తెలిసి తీరాల్సినవాళ్ళకు. గ్రీన్ అంటే మన రంగంలోవాళ్ళతో పంచుకోవచ్చు గానీ బహిరంగంగా పెట్టకూడదు. క్లియర్ అంటే ఎవరికైనా సరే. 2022 ఆగస్టులో పద్ధతి మార్చేదాకా దీన్నే వైట్ అనేవాళ్ళు. ఆంబర్ స్ట్రిక్ట్ అని ఒకటి అప్పుడే కొత్తగా కలిపారు, అది క్లయింట్లకు కూడా కాదు, మీ సంస్థ వరకే. చదవడానికి చక్కగానే ఉంటుంది. ఐటీ మేనేజర్ల వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం అడుగున ఆంబర్ అని స్పష్టంగా రాసున్న పీడీఎఫ్ "ఎఫ్‌వైఐ" అంటూ తిరుగుతుంటుంది, కింద పది నమస్కారాలు. ఇలాంటివి చూశాక, పైనున్నవాళ్ళు కిందికి తక్కువ చెప్పడం మీద నాకున్న కోపం కొంచెం తగ్గింది.

నేను పనికొచ్చే సరుకు అన్నది మూడోది. అంటే ఊరందరికీ చాటింపు వెయ్యకుండా, మీ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కున్న నంబరు, మీదే నేరుగా వచ్చే సమాచారం. 2017 ఫిబ్రవరిలో సెర్ట్-ఇన్ సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని మొదలుపెట్టింది. బాట్‌నెట్‌లు, అంటే వైరస్ పట్టి ఎవరో దూరం నుంచి ఆడించే కంప్యూటర్ల గుంపులు, వాటిని నడిపించే డొమైన్‌ను ఎవరైనా స్వాధీనం చేసుకుంటే, వైరస్ పట్టిన యంత్రాలన్నీ తెలియక ఆ స్వాధీనమైన సర్వర్‌కే ఫోన్ కొడుతుంటాయి. ఎవరెవరు కొడుతున్నారో జాబితా రాసుకుని, ఆ ఐపీలు ఏ కంపెనీవో ఏ ఇంటర్నెట్ ప్రొవైడర్‌వో చూసి వాళ్ళకు పంపుతారు. తీసెయ్యడానికి ఉచిత టూల్స్ కూడా ఇస్తారు, క్విక్ హీల్, ఇ-స్కాన్ లాంటి కంపెనీలతో కలిసి చేసినవి.

ఒకసారి ఒక సహకార బ్యాంకుకు ఇలాంటి మెయిల్ వచ్చింది. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన సిస్టం అడ్మిన్ పేరు మీదున్న ఐడీకి వస్తూ ఉంది, ఎవరూ తెరవడం లేదు, మేం కొత్తగా మానిటరింగ్ తీసుకున్నాక ఆ మెయిల్‌బాక్స్ మాకు మళ్ళించమంటే బయటపడింది. లోపల చిన్న ఫైల్, వరసకో ఎంట్రీ: బ్యాంకు పబ్లిక్ ఐపీ, సోర్స్ పోర్టు (ఆ కనెక్షన్ బయటికెళ్ళిన ద్వారం నంబరు), టైం, వైరస్ కుటుంబం పేరు. ఇంకేం, పట్టుకోవచ్చు అనుకుంటాం కదా. ఆ ఒక్క ఐపీ వెనక హెడ్డాఫీసు, బ్రాంచీలు అన్నీ కలిపి కొన్ని వందల పీసీలున్నాయి, అన్నీ బయటికి ఒకే ముఖంతో వెళ్తాయి. ఏ పీసీ అనేది ఫైర్‌వాల్ లాగ్‌లో, అంటే లోపలికీ బయటికీ జరిగే రాకపోకలు రాసుకునే చిట్టాలో, మాత్రమే దొరుకుతుంది, అదీ సోర్స్ పోర్టు, టైం రెండూ కలిస్తేనే. ఫైల్లో టైం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైంలో ఉంది, మన టైం రావాలంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. కలిపి చూస్తే లాగ్‌లో ఆ పోర్టుకి ఎంట్రీయే లేదు. ఫైర్‌వాల్ గడియారమే పదీ పన్నెండు నిమిషాలు వెనక నడుస్తోందని మా కుర్రాడు పసిగట్టాడు. పాత ఎంట్రీలు వెతుకుదామంటే లాగ్‌లు రెండు వారాలకే చెరిగిపోతున్నాయి, డిస్క్ చాలక అలా సెట్ చేశారట. చివరికి ఆ రోజు తెల్లారి వచ్చిన కొత్త ఎంట్రీ పట్టుకుని, టైం సర్దుకుని చూస్తే తేలింది: ఒక బ్రాంచిలో పాస్‌బుక్ ప్రింటర్‌కు తగిలించిన పాత విండోస్ 7 పీసీ. పాస్‌బుక్ ప్రింటింగ్ తప్ప ఇంకేం చెయ్యదని దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు, యాంటీవైరస్ లిస్టులో కూడా లేదు. "దాన్ని తీసేస్తే రేపు కౌంటర్ దగ్గర పెద్దాయనలు నన్ను తిడతారండీ" అన్నాడు మేనేజరు, అతని బాధ అతనిది.

ఇది ఇంత సాగదీసి ఎందుకు చెప్పానంటే, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు చూసి అందరూ గోల పెట్టింది 6 గంటల గురించి, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్ళు దాచాలన్న దాని గురించి. అదే కాగితంలో ఇంకో రెండున్నాయి: సిస్టం గడియారాలన్నీ ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైం సర్వర్లతో, లేదంటే వాటితో కలిసి నడిచే వాటితో సరిచేసుకోవాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఇవి లేకపోతే వాళ్ళెంత మంచి సమాచారం పంపినా మన దగ్గర అతుక్కోదు. వీపీఎన్ నిబంధన మీద నాకు అభ్యంతరాలున్నాయి, ఈ రెండిటి మీద మాత్రం లేవు.

పెద్ద స్థాయిలో ఈ పంపకం ఎలా సాగుతుందో చూడాలంటే 2021 మార్చి 1న కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన ప్రకటన చదవండి, ఇలాంటివి బయటికి రావడం చాలా అరుదు. గ్రిడ్ నడిపే సంస్థ, అప్పటి పేరు పోసోకో, దాని కంట్రోల్ సెంటర్లు కొన్నిటిలో షాడోప్యాడ్ అనే మాల్‌వేర్ ముప్పు ఉందని సెర్ట్-ఇన్ 2020 నవంబర్ 19న మెయిల్ పెట్టింది. మళ్ళీ 2021 ఫిబ్రవరి 12న ఎన్‌సీఐఐపీసీ ఇంకో మెయిల్: చైనా అండతో పనిచేసే రెడ్ ఎకో గుంపు అదే షాడోప్యాడ్‌తో ప్రాంతీయ, రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్లను, అంటే కరెంటు ఎటు ఎంత పోవాలో నడిపించే కేంద్రాలను, గురిపెట్టిందని, ఇవిగో ఐపీలు, డొమైన్లు అని. వాటిని ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేశామని, డేటా ఏమీ పోలేదని ప్రకటన సారాంశం. రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు, రెండు వేర్వేరు సంస్థలు, ముప్పు మాత్రం ఒకటే. మన తెలంగాణలో ట్రాన్స్‌కో, జెన్‌కోలకు సెర్ట్-ఇన్ హెచ్చరిక వచ్చిన వార్త కూడా ఆ మార్చి మొదటి వారంలోదే. వాళ్ళు అనుమానమున్న ఐపీలు ఆపేసి, లాగిన్ పాస్‌వర్డ్‌లు మార్చుకున్నారు. కేంద్ర స్థాయిలో నవంబర్ నుంచే తెలిసిన సంగతి రాష్ట్ర సంస్థల దాకా ఎప్పుడెప్పుడు ఎంతెంత చేరిందో నేను చెప్పలేను గానీ, బయట కనిపించిన తేదీలు చూస్తే నాకు తృప్తిగా లేదు.

ఇక మీరు పంపే రిపోర్టు సంగతి. 20 రకాల ఘటనలు తప్పనిసరిగా చెప్పాలని ఆదేశాల అనుబంధంలో ఉంది, మీరు గమనించిన క్షణం నుంచి లేదా ఎవరైనా మీ దృష్టికి తెచ్చిన క్షణం నుంచి 6 గంటలు. టెన్షన్ పడకండి, 6 గంటల్లో మొత్తం కథ రాయమని కాదు, అప్పటికి తెలిసినంత చెప్పి మిగతాది తర్వాత పంపొచ్చని వాళ్ళే ప్రశ్నలు జవాబుల పత్రంలో రాశారు. పంపాక ఒక నంబరు వస్తుంది, తర్వాత లాగ్‌లు అడగొచ్చు, అడిగాక ఇవ్వకపోతే ఏడాది దాకా జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. మీ దగ్గర దొరికిన ఐపీలు, ఫైల్ హ్యాష్‌లు (ఫైల్‌కు వేలిముద్ర లాంటి గుర్తులు) మీ పేరు లేకుండా ఇంకొకరి అలర్ట్‌లోకి ఎక్కొచ్చు. అది మంచిదే. కానీ "మీ కేసులో చివరికి తేలింది ఇదీ" అని తిరిగి ఒక జవాబు వస్తుందని ఆశ పెట్టుకోకండి, నా అనుభవంలో అది అరుదు. 2023 నవంబర్‌లో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధి నుంచి మినహాయించారు కాబట్టి దరఖాస్తు పెట్టి రాబట్టే దారీ దాదాపు మూసుకుపోయింది. కంపెనీలు తమ పరువు పోయే సంగతులు నమ్మి చెప్పాలంటే గోప్యత కావాలి, ఒప్పుకుంటాను. కానీ గోప్యత వేరు, కేసు ముగిశాక పేర్లు తీసేసి పాఠం చెప్పడం వేరు, ఆ రెండోదానికి అడ్డేముంది?

అది చెయ్యొచ్చని బ్యాంకుల వైపు ఇప్పటికే రుజువైంది కూడా. మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ దగ్గరున్న, రిజర్వ్ బ్యాంకు పెట్టిన పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ 2014లో ఐబీ-కార్ట్ అని పెట్టింది, ఏ బ్యాంకులో జరిగిందో పేరు బయటికి రాకుండా దాడి వివరాలు మిగతా బ్యాంకులతో పంచుకునే ఏర్పాటు. అక్కడొచ్చే సమాచారంలో నాకు నచ్చేది, రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఒకే రకం తలనొప్పులున్నవాళ్ళు కావడం. ఫిషింగ్ మెయిల్, అంటే వలవేసే మోసపు మెయిల్, సబ్జెక్ట్ లైన్ ఏమిటి, ఏ గంటకు వచ్చింది, మొదట ఎవరు క్లిక్ చేసి ఉంటారు, ఇలాంటివి ప్రభుత్వ నోట్‌లో ఎప్పటికీ రావు.

మీకు అలాంటి గుంపు లేదు కాబట్టి చెయ్యాల్సింది చిన్నదే. ఆ 2022 ఆదేశాల్లోనే రెండో అనుబంధంలో సంప్రదించాల్సిన వ్యక్తి వివరాల ఫారం ఉంటుంది, అది నింపి పంపండి. అందులో మనిషి పేరున్న మెయిల్ కాకుండా, సెక్యూరిటీ అనే మాటతో ఒక ఉమ్మడి ఐడీ పెట్టి ఇద్దరు ముగ్గురికి వెళ్ళేలా చూడండి, మనిషి మారినప్పుడల్లా ఫారం మళ్ళీ పంపండి. మీ ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర కూడా మీ ఐపీల మీద ఏ మెయిల్ ఐడీ నమోదై ఉందో ఒకసారి కనుక్కోండి, చాలాచోట్ల అది కనెక్షన్ తీసుకున్న రోజు అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరో ఇచ్చిన జీమెయిల్ అయి ఉంటుంది.