నడుం వాతం ఉంది, కన్ను ఎర్రబడింది: పాత చుక్కలే వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. వయసు 32. కిరాణా కొట్టు నడుపుతాను. నాలుగేళ్లుగా పొద్దున్న లేచేసరికి నడుం కొయ్యలా బిగుసుకుపోతోంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే వాతం) అన్నారు. నిరుడు కుడికన్ను ఎర్రబడితే మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో తగ్గింది. ఇప్పుడు మూడు రోజులుగా ఎడమకన్ను నొప్పి, ట్యూబ్‌లైట్ వెలుతురు కూడా చూడలేకపోతున్నాను. మిగిలిన చుక్కలు వేసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఆ సీసా పక్కన పెట్టి ఈ రోజే కంటి డాక్టరుకు చూపించుకోండి.

కళ్లకలకైతే పుసి కట్టి రెప్పలు అతుక్కుంటాయి, గరగరలాడుతుంది, చాలాసార్లు రెండో కంటికీ పాకుతుంది. మీకు ఒక్క కన్నే నొప్పి, పైగా వెలుతురు పడటం లేదు. అద్దంలో చూసుకోండి. నల్లగుడ్డు అంచు చుట్టూ ఎరుపు ఎక్కువగా ఉంటే యువియైటిస్ అనుమానం మరింత బలపడుతుంది. అంటే కంటి లోపలి పొరకు వచ్చే వాపు. మీ నడుం జబ్బుకూ దీనికీ దగ్గరి చుట్టరికం. ఈ జబ్బున్న ప్రతి నలుగురిలో కనీసం ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, హెచ్‌ఎల్‌ఏ-బి27 జన్యువు ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. ఒకసారి కుడి, ఇంకోసారి ఎడమ అన్నట్టు రావడం దీని తీరు.

ఆలస్యం చేస్తే వాచిన పొర వెనకున్న లెన్స్‌కు అతుక్కుంటుంది. కంటిపాప గుండ్రంగా ఉండాల్సింది వంకర తిరుగుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగి చూపే దెబ్బతినొచ్చు. అందుకే నాకు ఆదుర్దా.

స్లిట్ ల్యాంప్‌తో (కంటి లోపలి భాగాలను పెద్దవిగా చూపే పరికరం) చూసి యువియైటిస్ అని తేలితే స్టిరాయిడ్ చుక్కలు మొదట్లో గంటకోసారి వేయమంటారు, పాప విప్పారే చుక్కలూ ఇస్తారు. వాటితో దగ్గరి అక్షరాలు మసకబారతాయి. కొట్లో పద్దులు వేరేవాళ్లకు అప్పగించండి, బండి నడపకండి. ఎరుపు పోయిందని మధ్యలో మానేస్తే వాపు తిరగబెడుతుంది. వారాల మీద మెల్లగా తగ్గించాలి.

షాపు చుక్కలంటే నాకు భయం ఎందుకంటే, వాటిలో చాలావాటికి స్టిరాయిడ్ కలిసే ఉంటుంది. నల్లగుడ్డు మీద హెర్పిస్ వైరస్ పుండో, వడ్ల పొట్టు తగిలి ఫంగసో ఉంటే అదే మందు కన్ను తీసేస్తుంది. పైకి చూసి అది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మీ ఊళ్లో స్లిట్ ల్యాంప్ దొరక్కపోతే విజయనగరం, విశాఖ రైలెక్కండి. నడుం ఎంఆర్‌ఐ, రక్తపరీక్షల కాగితాలు పట్టుకెళ్లండి. డాక్టరుకు మొదటి మాటే ‘నాకు స్పాండిలైటిస్ ఉంది’ అని చెప్పండి. కన్ను నెమ్మదించాక రుమటాలజిస్టును (కీళ్లవాతాల డాక్టరు) కలవండి. మాటిమాటికీ వస్తుంటే సల్ఫాసలజైన్ మాత్రలో, అడాలిముమాబ్ ఇంజెక్షనో కంటి దాడులను తగ్గిస్తాయి. ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.