పేపర్లో ఇచ్చిన మాట కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం. ఎప్పుడో విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఒకామె జలుబు మందు కంపెనీ మీద కేసు వేసి వంద పౌండ్లు గెలిచిందని చదివి వినిపించింది. నాకు అర్థం కానిదేమిటంటే, ‘మీ షరతుకు ఒప్పుకున్నాను’ అని ఆమె కంపెనీకి ఒక్క ముక్క కూడా రాయలేదట. మరి ఒప్పందం ఎలా కుదిరింది? అది పేటెంట్ మందు కదా, అంటే ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకున్న మందే కదా? ఇంకో సంగతి. మా మామయ్య గారు ఫోన్‌లో యాడ్ చూసి షుగర్ జబ్బు తగ్గించే పొడి తెప్పించుకున్నారు. ‘90 రోజుల్లో తగ్గకపోతే డబ్బు వాపస్’ అన్నారు. తగ్గలేదు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ కేసు మాకేమైనా పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి చదివింది కార్లిల్ కేసు. లా చదివినవాళ్లెవరూ దాన్ని తప్పించుకోలేరు. అయితే చాలామంది దాన్ని ‘మందు పనిచేయలేదని గెలిచిన కేసు’గా గుర్తుపెట్టుకుంటారు. అది పొరపాటు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న జోలికే కోర్టు పోలేదు. పేపర్లో ఇచ్చిన మాటకు కంపెనీ కట్టుబడాలా, అక్కర్లేదా? తేల్చింది అదొక్కటే.

ఆ వస్తువు పేరు కార్బాలిక్ స్మోక్ బాల్. ఒక రబ్బరు బంతి, దానికో గొట్టం, లోపల కార్బాలిక్ యాసిడ్ కలిపిన పొడి. గొట్టం ముక్కులో పెట్టుకుని బంతి నొక్కితే పొడి పొగలా లోపలికి పోతుంది. ఒకప్పటి కార్బాలిక్ సబ్బు వాసన ఎరిగినవాళ్లు ఆ సుఖం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఖరీదు పది షిల్లింగులు, పోస్టు ఖర్చు కంపెనీదే. పొడి అయిపోతే ఐదు షిల్లింగులకు మళ్లీ నింపి ఇస్తారు.

1889-90లో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా దెబ్బకు లండన్ జనం హడలిపోయి ఉన్నారు. ఆ భయాన్ని సొమ్ము చేసుకోవడానికి కంపెనీ 1891 నవంబరు 13న పాల్ మాల్ గెజెట్ అనే పత్రికలో ఒక ప్రకటన వేసింది. రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు మేం చెప్పినట్టు బంతి వాడాక కూడా ఎవరికైనా ఇన్‌ఫ్లుయెంజా వస్తే వంద పౌండ్లు ఇస్తాం అంది. అంతటితో ఆగినా బతికిపోయేది. మా చిత్తశుద్ధికి గుర్తుగా అలయన్స్ బ్యాంకులో వెయ్యి పౌండ్లు డిపాజిట్ చేశాం అని ఇంకో వాక్యం తగిలించింది. కంపెనీ కొంప ముంచింది ఆ వాక్యమే.

లూయీసా కార్లిల్ అనే ఆవిడ నవంబరు 20న మందుల షాపులో ఒక బంతి కొంది. చెప్పినట్టే రోజుకు మూడుసార్లు వాడింది. రెండు వారాలు కాదు, దాదాపు ఎనిమిది వారాలు. 1892 జనవరి 17న ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆవిడ భర్త సొలిసిటర్, అంటే లాయరు కావడం కంపెనీ దురదృష్టం. ఆయన రాసిన మొదటి రెండు ఉత్తరాలకు జవాబు లేదు. మూడోదానికి ఒక అచ్చు కాగితం వచ్చింది. దొంగ క్లెయిములు రాకుండా ఉండాలంటే బంతి వాడేవాళ్లు రోజూ మా ఆఫీసుకు వచ్చి మా సెక్రటరీ కళ్లెదుట వాడాలి అని దాని సారాంశం. యాడ్‌లో లేని షరతు డబ్బు అడిగిన తర్వాత పుట్టుకొచ్చిందన్నమాట. ఈ ఎత్తు మీకు ఎక్కడో చూసినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

కింది కోర్టులో కంపెనీ తరఫున నిలబడ్డ ఆస్క్విత్ తర్వాత 1908లో బ్రిటన్ ప్రధాని అయ్యాడు. అంతటివాడు వాదించినా ఓడిపోయారు. అప్పీలుకు వెళ్తే 1892 డిసెంబరులో ముగ్గురు జడ్జీలూ ఆవిడ పక్షానే తీర్పిచ్చారు. ప్రకటన అన్నాక గొప్పలు చెప్పుకోవడం మామూలే, దాన్ని నిజమనుకుంటే ఎలా అని కంపెనీ వాదన. మరి బ్యాంకులో వెయ్యి పౌండ్లు ఎందుకు వేశారు అని జస్టిస్ లిండ్లీ పట్టుకున్నాడు. మీ సందేహానికి సూటిగా జవాబిచ్చింది జస్టిస్ బోవెన్. నా కుక్క తప్పిపోయింది, తెచ్చిస్తే బహుమతి ఇస్తానని ప్రకటిస్తే, వెతకబోయే ప్రతివాడూ ముందు కూర్చుని ‘నేను ఒప్పుకున్నాను’ అని నాకు ఉత్తరం రాయాలా? అక్కర్లేదు. కుక్కను పట్టుకురావడమే ఒప్పుకోవడం. అలాగే చెప్పినట్టు బంతి వాడటమే ఒప్పుకోవడం. ఒప్పందం నిలవాలంటే అవతలివైపు నుంచీ ఏదో ఒక ప్రతిఫలం ఉండాలి. ఎనిమిది వారాలు ఆ ఘాటు భరించడమే ఆవిడ వైపు నుంచి ముట్టిన ప్రతిఫలం.

మన భారత కాంట్రాక్టు చట్టం అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1872లోనే, 8వ సెక్షన్‌లో ఇదే మాట చెప్పింది. ప్రతిపాదనలోని షరతులు నెరవేరిస్తే అదే అంగీకారం. అయితే ప్రకటన గురించి ముందే తెలిసి ఉండాలి. తప్పిపోయిన కుర్రాణ్ణి వెతికి తెచ్చిన ఒక గుమాస్తాకు, బహుమతి సంగతి ముందు తెలియదు కాబట్టి రాదని అలహాబాద్ హైకోర్టు 1913లో తేల్చింది. మీ మామగారు యాడ్ చూశాకే కొన్నారు కాబట్టి ఆ చిక్కు మీకు లేదు.

ఇక పేటెంట్ మాట. ఆ కాలపు ‘పేటెంట్ మందుల్లో’ ఎక్కువ వాటికి అసలు పేటెంటే లేదు. పేటెంట్ కావాలంటే అందులో ఏముందో బయటపెట్టాలి. రహస్యం మీద బతికే వ్యాపారానికి అది గిట్టదు. స్మోక్ బాల్‌కు మాత్రం నిజంగానే పేటెంట్ ఉంది. కానీ పేటెంట్ అంటే వస్తువు కొత్తది అని, రోగం తగ్గిస్తుందని కాదు. బ్రిటన్‌లో ఈ మందుల సీసాల మీద ప్రభుత్వ స్టాంపు కూడా ఉండేది. అది పన్ను కట్టినందుకు అంటించేది. జనం మాత్రం సర్కారు హామీ అనుకున్నారు, అమ్మేవాళ్లు ఆ భ్రమను చెడగొట్టలేదు. అలాంటి మందుల్లో ఒకటైన బీచమ్ మాత్రల డబ్బా ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వాటిని పరీక్షించి 1909లో ప్రకటించింది. తేలినవి ముసాంబరం (ఎండబెట్టిన కలబంద రసం), అల్లం, సబ్బు. 56 మాత్రల సరుకు ఖర్చు అర ఫార్దింగ్ (ఫార్దింగ్ అంటే పావు పెన్నీ), అంటే అమ్మే ధరలో నూరో వంతు కూడా కాదు. మిగతాదంతా ప్రకటనలకూ లాభాలకూ. పత్రికలు కూడా ఆ డబ్బుతోనే నడిచేవి కాబట్టి గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. (మంచి సరుకుకూ అదే దారి లెండి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, దాని రాబడితోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు.)

ఓడిపోయాక స్మోక్ బాల్ వాళ్లు సిగ్గుపడి దుకాణం మూసేశారనుకుంటున్నారేమో. 1893 ఫిబ్రవరిలో బహుమతిని రెండు వందల పౌండ్లకు పెంచి మళ్లీ ప్రకటన వేశారు. ఈసారి వెనక లాయరు ఉన్నాడని చదవగానే తెలుస్తుంది. షరతుల కాగితం తెప్పించుకుని, సంతకం చేసి, మందు మొదలుపెట్టకముందే కంపెనీ దగ్గర దాఖలు చేయాలి. గడువు మార్చి 31 వరకే.

ఇప్పుడు మీ సంగతి. డబ్బు కట్టి పార్శిల్ విడిపించుకునే వీపీపీ (వాల్యూ పేయబుల్ పోస్ట్) మన దేశంలో 1877లోనే వచ్చింది. పోస్ట్‌మ్యాన్ చేతిలో డబ్బు పెట్టాకే పార్శిల్ విప్పాలి, లోపల ఏముంటే అదే ప్రాప్తం. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీ దాని మనవడు. మొన్నామధ్య ఒక పెద్దాయన ఇలాంటి డబ్బానే నా టేబుల్ మీద పెట్టారు. లేబుల్ మీద ఆకుల బొమ్మలు, ఒక ఫోన్ నంబరు. తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు. కార్లిల్ గారికి ఉన్న సౌకర్యం అదే. కంపెనీ అడ్రసు యాడ్‌లోనే ఉంది, నోటీసు ఎక్కడికి పంపాలో తెలుసు. మీకు ముందు కావలసింది అదే. డబ్బా, బిల్లు, పార్శిల్ కవరు మీద పంపినవారి పేరు, డబ్బు కట్టిన ఆధారం, యాడ్ స్క్రీన్‌షాట్ అన్నీ తీసి ఉంచండి. ‘తగ్గడం’ అంటే ఏమిటన్న గొడవ రాకుండా పొడి వాడకముందు, వాడాక తీసిన షుగర్ రిపోర్టులు జతచేయండి. చెప్పినట్టే 90 రోజులూ వాడారని మీ మామగారు చెప్పగలగాలి.

ఒకందుకు మీరు కార్లిల్ గారికంటే నయం. ఆ రోజుల్లో లేని చట్టాలు ఇప్పుడున్నాయి. షుగర్ నయం చేస్తామని మందు ప్రకటన వేయడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నిషిద్ధం. మందు పనిచేసిందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. దాని మీద ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయండి. డబ్బు కోసమైతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి చెప్పండి, లొంగకపోతే నోటీసు ఇచ్చి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయండి. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా ఫర్వాలేదు. రెండేళ్ల లోపు వేయాలి. కట్టిన ధర ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.

పొడి ఇంకా మిగిలి ఉంటే పారేయకుండా మూతపెట్టి ఉంచండి. దాన్ని నమ్ముకుని మామగారు డాక్టరు రాసిన మాత్రలు ఆపేసి ఉంటే మాత్రం, నోటీసు సంగతి రేపు చూద్దాం, ఇవాళ ఆయన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.