మందుల కంపెనీ వ్యర్థజలాలకు రేడియేషన్ పెడితే యాంటీబయాటిక్స్ పోతాయా?

మీరు అడిగినవి రెండు: ఈటీపీ (కంపెనీలోని వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) దాటాక కూడా నీటిలో మిగిలిపోతున్న యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రల అవశేషాలు రేడియేషన్‌తో పోతాయా, పోతే ఆ నీరే రేడియోధార్మికం అయిపోదా అని.

రెండోదానికి జవాబు చిన్నది: అవ్వదు. రేడియేషన్ ఇవ్వడానికి వాడే రేడియోధార్మిక లోహం కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాల శక్తి 1.17, 1.33 ఎంఈవీ (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం). నీటిలోని పరమాణు కేంద్రకాలను మార్చడానికి అది చాలదు. కోబాల్ట్ కూడా సీలు చేసిన గొట్టాల్లోనే ఉంటుంది, నీటికి తగలదు. ఎలక్ట్రాన్ బీమ్ (యంత్రం నుంచి వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల ధార) అయితే కరెంటు ఆపగానే రేడియేషనూ ఆగిపోతుంది.

ఇక మొదటిది. కొంతకాలం గామా ఛాంబర్ (నమూనాలకు గామా కిరణాలు పెట్టే పరికరం) దగ్గర ఇలాంటి నమూనాలతోనే పనిచేశాను కాబట్టి చెబుతున్నా: మందు విరిగిపోతుంది, నిజమే. నీరు శుభ్రపడిందా అన్నది వేరే లెక్క.

రేడియేషన్ మందును నేరుగా తాకేది చాలా తక్కువ. శక్తి దాదాపు అంతా నీరే పీల్చుకుని హైడ్రాక్సిల్ రాడికల్స్‌నీ, హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లనీ పుట్టిస్తుంది. రెండూ దొరికినదానితో వెంటనే చర్య జరిపే చురుకైన కణాలు. మందును విరిచేది అవే. మేం లీటరుకు 30 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ (నొప్పి మందు) డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పెట్టేవాళ్లం. బయటికి తీసేసరికి గాజు సీసాలు గోధుమరంగుకు తిరిగి ఉండేవి (గాజుకు గామా తగిలితే అంతే, కొత్తవాళ్లు నీరే రంగు మారిందనుకుని కంగారుపడతారు). సుమారు 1 కిలోగ్రే (కిలో నీటికి వెయ్యి జౌళ్ల రేడియేషన్ శక్తి) డోసుకే హెచ్‌పీఎల్‌సీలో, అంటే నీటిలో ఏ మందు ఎంతుందో చూపే పరీక్షలో, డైక్లోఫెనాక్ పీక్ మాయం. క్లోరైడ్ పెరిగేది, అంటే అణువు నుంచి క్లోరిన్ ఊడిందన్నమాట. కానీ అదే నీటికి టీఓసీ (సేంద్రియ కార్బన్ మొత్తం) చూస్తే పెద్దగా కదిలేది కాదు. కార్బన్ ఎక్కడికీ పోలేదు, చిన్న చిన్న ముక్కలై అక్కడే ఉంది. దాన్ని కూడా పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ దాకా తీసుకెళ్లాలంటే డోసు ఎన్నో రెట్లు పెంచాలి.

కంపెనీ నుంచి వచ్చే అసలు వ్యర్థజలంతో కథ ఇంకా మారిపోతుంది. బైకార్బనేట్, కరిగిన సేంద్రియ పదార్థం, నైట్రేట్ అన్నీ రాడికల్స్ కోసం పోటీ పడతాయి. పెళ్లి భోజనాల్లో పిలవని వాళ్లే ముందు బంతిలో కూర్చున్నట్టు, మనం చంపాలనుకున్న మందు వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క) లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉన్న నీటికి నేరుగా రేడియేషన్ పెడతామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నా లెక్కలో దీనికి సరైన చోట్లు రెండే. ఒకటి, బయలాజికల్ ట్రీట్‌మెంట్ (సూక్ష్మజీవులతో శుద్ధి) అయ్యాక మిగిలిన మొండి మందుల మీద, మూర్ఛ మందు కార్బమజెపైన్ లాంటివాటి మీద. రెండోది నాకు ఇంకా నచ్చేది: యాంటీబయాటిక్ ఎక్కువగా ఉన్న స్ట్రీమ్‌ను మిగతావాటిలో కలపకముందే విడిగా తీసి, తక్కువ డోసు ఇచ్చి, బ్యాక్టీరియాను చంపే గుణం పోగొట్టి, ఆ తర్వాత గాలి పంపుతూ సూక్ష్మజీవులను పెంచే ఏరేషన్ ట్యాంకుకు పంపడం. ముక్కలను తినే పని సూక్ష్మజీవులే చవకగా చేస్తాయి. దక్షిణ కొరియాలోని డేగులో 2005లో మొదలైన ప్లాంటు ఇదే పద్ధతి. అక్కడిది అద్దకం నీరు, మందుల నీరు కాదు. రోజుకు కోటి లీటర్లకు ముందు ఎలక్ట్రాన్ బీమ్, తర్వాత బయలాజికల్.

కరెంటు గురించి భయపడతారు గానీ, వెయ్యి లీటర్లకు 1 కిలోగ్రే అంటే నీటిలోకి చేరే శక్తి 0.28 యూనిట్ మాత్రమే, యంత్రం నష్టాలు అదనం. అసలు ఖర్చు యాక్సిలరేటర్ (ఎలక్ట్రాన్ బీమ్ పుట్టించే యంత్రం), రేడియేషన్‌ను ఆపే కాంక్రీటు గోడలు, లైసెన్సులు. పైగా 1 ఎంఈవీ ఎలక్ట్రాన్లు నీటిలో సుమారు నాలుగు మిల్లీమీటర్లకు మించి పోవు, కాబట్టి నీటిని పలచటి పొరగా పారించాలి. నీటిలో తేలే మడ్డి (సస్పెండెడ్ సాలిడ్స్) ఉంటే ఆ పొరను వదిలే నాజిల్ మూసుకుపోతుంది.

ఎవరైనా మీకు డెమో ఇస్తే డిస్టిల్డ్ వాటర్ ఫలితాలు వద్దనండి. మీ నీటితోనే చేయించి, మందు ఎంత తగ్గిందో చెప్పే శాతంతో పాటు టీఓసీ, టాక్సిసిటీ పరీక్ష కూడా అడగండి. తక్కువ డోసు దగ్గర కొన్ని ముక్కలు అసలు మందుకన్నా విషపూరితంగా ఉండొచ్చు, ఆ సంగతి మొదటి శాతంలో కనబడదు.